పదిహేనేళ్ళకే మూసేసిన ప్రశ్న

(రేడియో ప్రసంగ పాఠం)



మనిషి వ్యక్తిత్వం పుట్టినప్పటినుంచీ పోయేదాకా ఎలా మారుతుందో ఓ ఇరవై నిమిషాలు మాట్లాడమని నన్ను అడిగారు. ముందే ఒక మాట చెప్పుకోవాలి. నేను మానసిక వైద్యుణ్ణి కాను. చదివింది కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్, చేసేది కన్సల్టింగ్. ఈ విషయం జోలికి నేను వెళ్ళడానికి కారణం పుస్తకాల మీద ప్రేమ కూడా కాదు, ఉద్యోగం ఊడిపోవడం. ఆ కథ కాసేపాగి చెప్తాను. ముందు ఒక మనిషిని పరిచయం చేస్తాను.

ఆయన పేరు ఎరిక్ ఎరిక్‌సన్. 1902లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు. తల్లి డెన్మార్క్ నుంచి వచ్చిన యూదు కుటుంబపు ఆడపడుచు. కన్నతండ్రి ఎవరో ఆయనకి జీవితాంతం తెలియలేదు. తల్లి తర్వాత ఒక పిల్లల డాక్టరుని పెళ్ళి చేసుకుంది. ఆ డాక్టరే నీ తండ్రి అని చెప్పి పెంచారు. కుర్రాడేమో పొడుగ్గా, నీలికళ్ళతో, బంగారు రంగు జుట్టుతో ఉండేవాడు. బళ్ళో తోటిపిల్లలు యూదుడివని దూరం పెట్టేవాళ్ళు. యూదుల ప్రార్థనాలయానికి వెళ్తే అక్కడివాళ్ళు నువ్వు మావాడిలా లేవని ఎగతాళి చేసేవాళ్ళు. ఇండియా వెళ్తే అమెరికా పిల్ల, తిరిగి ఇక్కడికొస్తే ఇండియా పిల్ల అనిపించుకునే మన పిల్లలకి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

చదువు పూర్తయ్యాక ఆయన కాలేజీలో చేరలేదు. బొమ్మలు వేసుకుంటూ కొన్నేళ్ళు యూరప్‌లో తిరిగాడు. మన ఇళ్ళల్లో అయితే "వాడు చెడిపోయాడు" అని తేల్చేసి ఉండేవాళ్ళు. 1927లో వియన్నాలో ఒక చిన్న బడిలో మాస్టారుగా చేరాడు. అక్కడ ఫ్రాయిడ్ గారి అమ్మాయి ఆనా ఫ్రాయిడ్ దగ్గర మనోవిశ్లేషణ నేర్చుకున్నాడు. 1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే భార్యాపిల్లలతో వియన్నా వదిలి, డెన్మార్క్ మీదుగా బోస్టన్ చేరాడు. 1939లో అమెరికా పౌరసత్వం తీసుకునేటప్పుడు మారుతండ్రి ఇంటిపేరు పక్కన పెట్టి ఎరిక్‌సన్ అని పెట్టుకున్నాడు. అంటే 'ఎరిక్ కొడుకు' అని అర్థం. తండ్రి ఎవరో తెలియని మనిషి తనకి తనే తండ్రి అయ్యాడన్నమాట. ఒక్క డిగ్రీ కూడా లేకుండా చివరికి హార్వర్డ్‌లో ప్రొఫెసరయ్యాడు. (హెచ్1 వీసాకి డిగ్రీల సమానత్వ పత్రాల కోసం తిరిగినవాళ్ళు ఇక్కడ ఓ నిట్టూర్పు విడవొచ్చు.)

'ఐడెంటిటీ క్రైసిస్' అనే మాట మనందరి నోళ్ళల్లో నలుగుతోంది కదా, దాన్ని వాడుకలోకి తెచ్చింది ఈయనే. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సైనికులకి చికిత్స చేసే క్లినిక్కులో పనిచేశాడు. వాళ్ళకి పిచ్చి లేదు, నటనా కాదు. కానీ నిన్నటి నేనూ ఇవాళ్టి నేనూ ఒకడినే అన్న స్పృహ తెగిపోయింది. ఆ స్థితికి పెట్టిన పేరు అది. ఆ తర్వాత అదే తెగింపు, అంత తీవ్రంగా కాకపోయినా, పదిహేను పదహారేళ్ళ మామూలు పిల్లల్లోనూ కనిపిస్తుందని ఆయన గమనించాడు.

1950లో 'చైల్డ్‌హుడ్ అండ్ సొసైటీ' అనే పుస్తకం రాశాడు. ఫ్రాయిడ్ మనిషి స్వభావమంతా అయిదారేళ్ళలోపే దాదాపు తేలిపోతుందన్నట్టు చెప్పాడు. ఎరిక్‌సన్ కాదన్నాడు. వ్యక్తిత్వం చచ్చేదాకా తయారవుతూనే ఉంటుంది, ఒక్కో వయసు మనిషిని ఒక్కో ప్రశ్న అడుగుతుంది, ఆ ప్రశ్న అడిగేది లోపలి మనసొక్కటే కాదు, చుట్టూ ఉన్న సంఘం కూడా అన్నాడు. అలాంటివి ఎనిమిది దశలు చెప్పాడు. పసిబిడ్డ అడిగేది 'ఈ లోకాన్ని నమ్మొచ్చా' అని. ఏడిస్తే ఎవరైనా వస్తారన్న భరోసా చిక్కితే ఆశ అనేది పుడుతుంది. రెండేళ్ళప్పుడు 'నా అంతట నేను చేయగలనా'. చొక్కా బొత్తాలు తనే పెట్టుకుంటానని పేచీ పెట్టే వయసది. బడికి ముందు రోజుల్లో చొరవ, బడి రోజుల్లో 'నాకు పని చేతనవునా, పక్కవాడికంటే తీసిపోయానా' అన్న గుంజాటన. వీటి గురించి బోలెడు చెప్పొచ్చు గానీ నా దృష్టి ఇవాళ అయిదో ప్రశ్న మీద ఉంది కాబట్టి ముందుకు పోతాను.

ఒక్క విషయం మాత్రం చెప్పాలి. చాలామంది దీన్ని మెట్ల వరసలా చదువుతారు. నేనూ మొదట అలాగే చదివాను. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే వాటర్‌ఫాల్ పద్ధతి. ఒక దశ అయిపోయింది, సంతకం పెట్టేశాం, ఇక దాని మొహం చూడక్కర్లేదు అని. ఆయన చెప్పింది అది కాదు. ప్రతి ప్రశ్నా మొదటినుంచీ మనలో ఉంటుంది. ఒక వయసులో అది ముందుకొస్తుంది. అప్పుడు సరిగ్గా తేలకపోతే పోదు, వేరే వేషంలో మళ్ళీ వస్తుంది. మొదట్లో వదిలేసిన బగ్గు సరిగ్గా ప్రొడక్షన్‌లోకి వెళ్ళాక బయటపడ్డట్టు.

అయిదో ప్రశ్న 'నేనెవర్ని?'. ఇది పన్నెండు పదమూడేళ్ళకి మొదలై పద్దెనిమిది ఇరవై దాకా, ఒక్కోసారి ఆ తర్వాత కూడా నడుస్తుంది. దీని మీద 1966లో జేమ్స్ మార్షా అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఒక పని చేశాడు. కాలేజీ కుర్రాళ్ళని కూర్చోబెట్టి వృత్తి గురించి, మతం గురించి, రాజకీయాల గురించి రెండే సంగతులు రాబట్టాడు. నువ్వు వెతుక్కున్నావా? ఏదో ఒకదానికి కట్టుబడ్డావా? వెతుక్కుని కట్టుబడినవాళ్ళు ఒక రకం. ఇంకా వెతుక్కుంటున్నవాళ్ళు ఒక రకం. వెతుకులాటా లేక, కట్టుబాటూ లేక గాలికి తిరిగేవాళ్ళు ఒక రకం. నాలుగో రకం వాళ్ళు గట్టిగా కట్టుబడే ఉంటారు గానీ ఎప్పుడూ వెతుక్కోలేదు. పెద్దవాళ్ళు చేతిలో పెట్టింది పట్టుకుని నడిచారు. దీనికి మార్షా పెట్టిన పేరు ఫోర్‌క్లోజర్.

ఈ మాట చూడగానే నాకు నవ్వొచ్చింది. 2008లో నేను ఎమ్మెస్ చదువుతుండగా ఫోర్‌క్లోజర్ అంటే బ్యాంకువాళ్ళు ఇల్లు జప్తు చేసుకోవడం. ఊరంతా అవే బోర్డులు. ఇక్కడ జప్తయింది ప్రశ్న. అడగకముందే మూసేశారు.

ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే అది నా గురించే.

2001లో నేను పదో తరగతి పాసయ్యాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు మండల కార్యాలయంలో పనిచేసేవారు. నాకు చరిత్ర అంటే ఇష్టం. ఎంత ఇష్టమంటే సోషల్ మాస్టారు రాకపోతే ఆయన పాఠం నేను చెప్పేవాణ్ణి. ఇంటర్‌లో హెచ్.ఇ.సి. తీసుకుంటానని ఒకరోజు రాత్రి అన్నం తింటూ అన్నాను. మా ఇంట్లో ఎవరూ అరవలేదు, కొట్టలేదు. నాన్న ఒక్క మాటన్నారు. "నాలాగా ఫైళ్ళు మొయ్యడానికా?" మర్నాడు విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎం.పి.సి.లో చేర్పించి వచ్చారు. తెల్లవారుజామున అయిదింటికి స్టడీ అవర్. రెండేళ్ళు. ఆ తర్వాత ఎంసెట్, బీటెక్, ఎమ్మెస్, హెచ్1. ఎక్కడా ఆగి ఆలోచించే పని లేకుండా ఒక మలుపు తర్వాత ఇంకో మలుపు దానంతట అదే వచ్చింది. మీలో చాలామంది కథ ఇదే అని నాకు తెలుసు. ఊళ్ళ పేర్లు మారతాయంతే.

దీన్ని నేను తిట్టిపోయడం లేదు. ఈ నాలుగో రకం వాళ్ళు చాలావరకు నిమ్మళంగానే ఉంటారనీ, ఆందోళన తక్కువనీ, పెద్దల మాట మీద గురి ఎక్కువనీ పరిశోధనలు చెప్పాయి. నేనూ నిమ్మళంగానే ఉన్నాను. పెళ్ళయింది, పాప పుట్టింది, డాలస్ ఉత్తర శివార్లలో ఇల్లు కొన్నాం. గ్రీన్‌కార్డు లైన్లో మాత్రం నిలబడే ఉన్నాం.

2023 మార్చిలో క్లయింటు ప్రాజెక్టు మూసేశారు. నా ఉద్యోగం పోయింది. హెచ్1 మీద ఉన్నవాళ్ళకి ఆ తర్వాత 60 రోజుల వరకే గడువు. ఈలోగా ఇంకో కంపెనీ మన తరఫున కాగితాలు వెయ్యకపోతే సామాను సర్దుకోవాలి, లేకపోతే వేరే వీసాకి దరఖాస్తు పెట్టుకోవాలి. మా ఆవిడకి ఉద్యోగం ఉంది గానీ అది నా హెచ్1 మీద ఆధారపడిన అనుమతి. నాది పోతే తనదీ పోతుంది. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, అప్పటికి పదేళ్ళది.

డబ్బు భయం, వీసా భయం సరే. వాటిని నేను ఊహించాను. ఊహించనిది ఇంకోటి జరిగింది. మన పార్టీల్లో మొదటి ప్రశ్న ఏమిటి? "ఎక్కడ చేస్తున్నారండీ?" దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోయేసరికి ఆ ప్రశ్న వెనకాల నిలబడే మనిషి కూడా నాకు లోపల కనబడలేదు. ముప్ఫై ఏడేళ్ళవాణ్ణి, ఉద్యోగం పేరు తీసేస్తే మిగిలేది ఎవరో తెలియలేదు. పార్టీలకి వెళ్ళడం మానేశాను. పొద్దున్న పదింటికి ఇంటర్వ్యూలు లేని రోజుల్లో లైబ్రరీకి వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఎరిక్‌సన్ నాకు దొరికింది అక్కడే. ఆ యుద్ధం నుంచి వచ్చిన సైనికుల సంగతి చదివి, పుస్తకం మూసి, పార్కింగ్ లాట్‌లో కార్లో చాలాసేపు కూర్చున్నాను.

ఆ సమయానికి మా నాన్నగారు ఇక్కడే ఉన్నారు. అమ్మ పోయిన ఏడాదికి ఆరు నెలలుందామని వచ్చారు. ఇండియన్ గ్రోసరీ వాళ్ళు ఇచ్చిన తెలుగు క్యాలెండర్ మీద రోజూ ఒక అంకె కొట్టేసేవారు. తన తిరుగు ప్రయాణానికి లెక్క అనుకున్నాను. తర్వాత చూస్తే అది నా 60 రోజుల లెక్క.

నలభై ఒకటో రోజు రాత్రి ఇద్దరం వంటింట్లో ఉన్నాం. ఆయన మజ్జిగ కలుపుకుంటున్నారు. ఉన్నట్టుండి, "ఒరేయ్, నువ్వు ఆ రోజు హెచ్.ఇ.సి. అన్నావు, గుర్తుందా?" అన్నారు. ఉందన్నాను. "నేను తప్పు చేశానంటావా?"

"ఇప్పుడెందుకు నాన్నా అవన్నీ, పొద్దుపోయింది, పడుకోండి" అన్నాను. ఆయన గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయారు.

వారం తర్వాత ఎనిమిదో దశ గురించి చదువుతుంటే నాకు సిగ్గేసింది. ముసలితనంలో మనిషి అడుక్కునే ప్రశ్న భవిష్యత్తు గురించి కాదు. నా బతుకు ఇదీ, మంచో చెడో ఇది నాదే అని ఒప్పుకోగలనా అని. ఒప్పుకోగలిగితే ఒక నిండుతనం. లేకపోతే, మళ్ళీ మొదలుపెట్టడానికి టైము లేదే అన్న కుంగుబాటు. ఆయన నా గురించి అడిగారనుకున్నాను. ఆయన అడిగింది తన గురించి. ఒక మండల కార్యాలయం గుమాస్తా జీవితంలో చేసిన పెద్ద పని కొడుకుని ఎం.పి.సి.లో చేర్పించడం. ఆ పనే తప్పని తేలితే ఆయన దగ్గర ఇంకేం మిగులుతుంది? అలాంటి మనిషిని నేను 'పడుకోండి' అన్నాను.

మర్నాడు వాకింగ్‌కి వెళ్ళినప్పుడు చెప్పాను. "నాన్నా, మీ మీద కోపం వచ్చిన రోజులున్నాయి. లేవని అబద్ధం చెప్పను. కానీ ఆ రెసిడెన్షియల్ ఫీజు కోసం అమ్మ గాజులు తాకట్టు పెట్టారని కూడా నాకు తెలుసు." ఆయన ఏమీ అనలేదు. రెండు ఇళ్ళు దాటాక, "గాజులు కాదురా, గొలుసు" అన్నారు.

యాభై మూడో రోజు నాకు వేరే చోట ఆఫరొచ్చింది. కాగితాలు యాభై ఆరో రోజు పడ్డాయి. నాన్న ఆగస్టులో తిరిగి వెళ్ళిపోయారు.

ఈ రెండు ప్రశ్నల నడుమ, అంటే పిల్లల 'నేనెవర్ని'కీ ముసలివాళ్ళ 'నేను బతికింది బతుకేనా'కీ నడుమ, నలిగేది మనం. నడివయసు. దీనికి ఎరిక్‌సన్ ఇచ్చిన ఇంగ్లీషు పేరుకి సరైన తెలుగు నాకు దొరకలేదు. రేపటివాళ్ళ గురించిన పట్టింపు అనుకుందాం. పిల్లల్ని కనడం ఒక్కటే కాదు, మన తర్వాతివాళ్ళకి పనికొచ్చేది ఏదో నిలబెట్టడం. అది లేకపోతే మనిషి గిడసబారిపోతాడంటాడు. ఈ దశకి ఆయన తీసుకున్న పెద్ద ఉదాహరణ మన గాంధీ. 1962లో ఆయన మనిషి జీవితదశల మీద ఒక సదస్సు కోసం అహ్మదాబాద్ వెళ్ళాడు. అక్కడ 1918 నాటి మిల్లు కార్మికుల సమ్మె సంగతి ఆయన్ని పట్టుకుంది. కార్మికులు 35 శాతం పెంపు అడిగారు. యజమానుల వైపు అంబాలాల్ సారాభాయ్, కార్మికుల వైపు ఆయన సొంత అక్క అనసూయ. గాంధీకి అప్పుడు 48 ఏళ్ళు. సమ్మె నీరుగారిపోతుంటే ఉపవాసానికి కూర్చున్నాడు. దాని మీద ఎరిక్‌సన్ రాసిన 'గాంధీస్ ట్రూత్' 1969లో వచ్చింది, మరుసటేడు పులిట్జర్ బహుమతి అందుకుంది. మన నాలుగు ఆశ్రమాల గురించి, అవి తన దశలకి ఎక్కడ కలుస్తాయన్నదాని గురించి కూడా అందులో రాశాడు. ఆ పుస్తకం నడిమధ్యలో ఒక వింత ఉంది. రచయిత పరిశోధన ఆపేసి నేరుగా గాంధీకే ఉత్తరం రాస్తాడు. లోకానికి అహింస చెప్పిన మీరు కస్తూరిబాతో, ఆశ్రమంలో పిల్లలతో అలా ప్రవర్తించడమేమిటని నిలదీస్తాడు.

నిలదీసిన ఆ మనిషి ఇంట్లో ఏం జరిగిందో లోకానికి తెలిసింది ఆయన పోయాక. 1944లో ఎరిక్‌సన్ దంపతులకి నాలుగో బిడ్డ పుట్టాడు. డౌన్ సిండ్రోమ్. ఆ రోజుల్లో డాక్టర్లు ఇచ్చే సలహా ప్రకారం బిడ్డని ఇంటికి తీసుకురాకుండా ఒక సంస్థలో పెట్టేశారు. పెద్దపిల్లలకి బిడ్డ పుట్టగానే పోయాడని చెప్పారు. ఆ అబ్బాయి ఇరవై ఏళ్ళ పైచిలుకు బతికాడు. లారెన్స్ ఫ్రీడ్‌మన్ 1999లో రాసిన జీవితచరిత్రలో ఇదంతా ఉంది. పసివాడికి కావలసింది నమ్మకం అని రాసిన పుస్తకం ఈ బిడ్డ పుట్టిన ఆరేళ్ళకి వచ్చింది. అది చదివిన రోజు ఆయన మీద నాకు అసహ్యం వేసింది. తర్వాత కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. తండ్రి పేరు దాచి పెంచిన పిల్లవాడు పెద్దయ్యాక ఒక కొడుకుని దాచాడు. తేలని ప్రశ్న తిరిగొస్తుందని ఆయన చెప్పిన మాటకి ఆయన ఇల్లే సాక్ష్యం.

ఆయన సిద్ధాంతంలో లోపాలు లేకపోలేదు. హార్వర్డ్‌లో ఆయనతో కలిసి పాఠాలు చెప్పిన కారొల్ గిలిగన్ 1982లో, ఇది మగవాళ్ళ జీవితం చూసి గీసిన పటం అని రాసింది. ముందు నేనెవరో తేల్చుకో, ఆ తర్వాత ఇంకొకరికి దగ్గరవ్వు అనే వరస ఆడపిల్లల విషయంలో కుదరదంది. నాకు అది సబబుగానే తోచింది. మన కుటుంబాల్లో మగపిల్లలకి కూడా ఆ వరస అంతగా కుదరదు. మనం 'నేనెవర్ని' అని అడిగితే ముందు వచ్చే జవాబు ఫలానావారి అబ్బాయి అని. అందులో తప్పుందని నేననుకోను. ఆ జవాబు దగ్గరే ఆగిపోతేనే చిక్కు. ఇక తొంభై ఏళ్ళు దాటిన ఎరిక్‌సన్ భార్య జోన్, ఆయన పోయాక తొమ్మిదో దశ ఒకటి చేర్చింది. మరీ ముసలితనంలో పాత ప్రశ్నలన్నీ తిరిగొస్తాయని. మెట్టు దిగుతుంటే సొంత మోకాలిని నమ్మొచ్చా అన్నది మళ్ళీ మొదటి ప్రశ్నే.

మా ఆదివారం తెలుగుబడిలో ఒక పదిహేడేళ్ళ అబ్బాయి చిన్నపిల్లలకి గుణింతాలు నేర్పడానికి వస్తాడు. నాలుగేళ్ళప్పుడు ఇక్కడికొచ్చాడు. ఇంకా తండ్రి వీసా మీదే ఉన్నాడు. ఇరవై ఒకటి నిండేలోగా గ్రీన్‌కార్డు రాకపోతే తన దారి తను చూసుకోవాలి. 'నువ్వెవరు' అని వాడిని మనసే కాదు, ప్రభుత్వం కూడా అడుగుతుంది, తేదీ వేసి మరీ. ఓసారి వాడన్నాడు, "అంకుల్, కాలేజీ ఫారాల్లో నేను ఇంటర్నేషనల్ స్టూడెంట్‌ని. నాకు ఏ నేషనో తెలియట్లేదు" అని. నవ్వుతూనే అన్నాడు. నాకు చెప్పడానికి ఏమీ తోచలేదు. ఏం చదవాలనుందని మాత్రం అడిగాను. ఆ మాట తనని అంతవరకు ఎవరూ అడగలేదట. వీసాకి ఏది మంచిదో అదే అందరూ చెప్పారట. గంటసేపు మాట్లాడాడు. పక్షుల గురించి.

మా అమ్మాయికి ఇప్పుడు పన్నెండు నిండాయి. వచ్చే ఏడు ఎనిమిదో తరగతి. బడివాళ్ళు సబ్జెక్టుల ఫారం ఇచ్చారు. ఎనిమిదిలోనే హైస్కూలు ఆల్జీబ్రా తీసుకోవచ్చు, మన పిల్లలంతా తీసుకుంటున్నారు. అది వద్దంటోంది. మామూలు లెక్కలు చాలట, మిగిలిన టైములో నాటకాల క్లాసు కావాలట. ఇంతసేపు మీకు ఎరిక్‌సన్, మార్షా అని చెప్పానా, ఆ మాట వినగానే నా నోట్లోంచి వచ్చింది ఏమిటో తెలుసా? "నాటకాలు ఏం అన్నం పెడతాయే?" మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో నాన్నకి చెప్పాను. ఆ రోజు వంటింట్లో అడిగిన మనిషి కదా, పిల్ల పక్షాన మాట్లాడతారనుకున్నాను. "నాటకాలేంట్రా, ముందు లెక్కలు పెట్టించు" అన్నారు. మనవరాలు పక్కనుంచి ఫోను లాక్కుని, "తాతయ్యా, మా నాన్నకి హిస్టరీ ఇష్టమని నీకు తెలుసుగా?" అంది. ఆ సంగతి దానికి ఎవరు చెప్పారో నాకు తెలియదు. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఏ నాటకం వేస్తారే?" అని అడిగారు.

ఫారం ఇంకా ఫ్రిజ్ మీదే అంటించి ఉంది. శుక్రవారంలోగా ఇవ్వాలి.